ఎనిమిది మూడో పెట్టెలు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇందుమతి మూడో పెట్టెను పిలిస్తే ఎనిమిది పెట్టెలూ పలికాయి.

"ఉన్నానండీ" అన్నాయి, ఒకే గొంతుతో, ఒకేసారి.

ఇందుమతి కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. వింతపడే ఓపిక ఆమెకు సోమవారమే అయిపోయింది. "మూడోది ఒక్కటే చెప్పాలె" అంది.

పెట్టెలు కాసేపు తమలో తాము గుసగుసలాడుకున్నాయి. ఏదో తేల్చుకున్నట్టు ఆగాయి. మళ్ళీ ఎనిమిదీ కలిసి, "నేనేనండీ మూడోదాన్ని" అన్నాయి.

ఆమె కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టింది. ఆ పొద్దుట అలా చేయడం అది పదకొండోసారి.

చర్లపల్లి పారిశ్రామికవాడలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు తయారుచేసే కంపెనీ అది. ఇంక్యుబేటర్ లోపల వేడిని అదుపు చేసే యంత్రాన్ని అక్కడ కంట్రోలర్ అంటారు. తయారైన కంట్రోలర్లను ఎనిమిదేసి చొప్పున పొడుగాటి బల్ల మీద పేర్చి పరీక్షించడం ఇందుమతి పని. పదకొండేళ్ళుగా అదే పని. ఒక్కో కంట్రోలర్ పక్కన అరచేతిలో ఇమిడే నీలిరంగు యూఎస్‌బీ పెట్టె ఒకటి ఉంటుంది. కంట్రోలర్ "ముప్పై ఏడు డిగ్రీలు" అన్నప్పుడు అక్కడ నిజంగా ఎంత వేడి ఉందో ఆ పెట్టె చూసి కంప్యూటరుకు చెప్తుంది. కంప్యూటరు రెండు మాటలూ పక్కపక్కన రాసుకుంటుంది. మనిషి మధ్యలో చెయ్యి పెట్టనక్కర్లేదు. అదీ ఏర్పాటు.

ఆ ఎనిమిది నీలిపెట్టెలూ ఒకే అచ్చులో పోసినవి. రంగు ఒకటే, బరువు ఒకటే. ఆఖరికి లోపల ఉండే సీరియల్ నంబరు కూడా ఒకటే. ఏది ఏదో పోల్చుకునే దారి లేక, కంప్యూటరు పెట్టిన ప్రతిసారీ తనకు ముందు కనిపించినదాన్ని ఒకటి అనుకుంటుంది, తర్వాతదాన్ని రెండు అనుకుంటుంది. నిన్న రెండో పెట్టె ఇవాళ ఏడో పెట్టె. మొన్నటి సంగతి దానికే గుర్తులేదు.

సోమవారం పరీక్షలో ఒక కంట్రోలర్ తప్పింది. అది ముప్పై ఏడు అంటోంది, పెట్టె ముప్పై తొమ్మిది అంటోంది. కాగితంలో మూడోది అని పడింది. నిర్ధారణ కోసం మళ్ళీ నడిపితే ఐదోది తప్పింది. మూడోసారి నడిపితే ఒకటోది. ఎనిమిదింటిలో ఒకటి అబద్ధమాడుతోంది, అది ఏదో మాత్రం తేలదు. చేతి థర్మామీటరుతో ఒక్కొక్కటీ చూసుకుందామంటే, కొలత సరిచూడడానికి బయటికి పంపిన ఆ థర్మామీటరు నెల దాటినా తిరిగి రాలేదు.

పెద్దవాళ్ళకు రెండు డిగ్రీలంటే జ్వరం. కిలోంబావు బరువున్న పసిగుడ్డుకు రెండు డిగ్రీలంటే ప్రాణం.

మేనేజర్ చక్రధర్ పదిగంటలకు వచ్చాడు. ఆయనది తెనాలి, మాట మెత్తన. చేతిలో పరీక్ష పత్రం ఉంది. అడుగున ఇందుమతి సంతకానికి చోటు ఉంది.

"సంతకం పెట్టేశారాండీ? గురువారం నాలుగింటికి వీటిని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను వస్తుంది."

"లేదు సార్. ఒకటి తప్పు చూపిస్తుంది. ఏదో తేలుతలేదు."

ఆయన సోమవారం కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. "మొదటిసారి మూడోది తప్పింది. ఐదోది పాసయింది కదా?"

"అయింది."

"రెండోసారి ఐదోది తప్పింది. మూడోది పాసయిందా?"

"అయింది సార్."

"మరింకేంటండీ! ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పాసయినట్టే. పాసవనిది ఏదీ లేదు."

"గట్లయితే ఫెయిలైన మూడిటినీ చెత్తల పారెయ్యాలె గద సార్?"

చక్రధర్ ఆ మాటను నిజాయితీగానే ఆలోచించాడు. "అలా చూడకూడదు" అన్నాడు చివరికి, కాగితం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఇందుమతి తెల్ల స్టిక్కర్లు తెప్పించుకుంది. నల్ల స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా పెద్దగా రాసి, ఒక్కో నీలిపెట్టె నెత్తిన ఒక్కోటి అంటించింది. వేలితో గట్టిగా రుద్దింది కూడా. టీ తాగి వచ్చేసరికి ఎనిమిది స్టిక్కర్ల మీదా మూడు అని ఉంది.

"ఇది ఎవరు జేసిండ్రు?" అని అరిచింది.

మల్లేశం వచ్చి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. వైర్ల పని ఆయనది. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. ఇందుమతి ఉద్యోగంలో చేరిన రోజు సోల్డరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"మీ చేతిరాతే గద ఇందమ్మా" అన్నాడు. "మూడు కింద తోక గిట్ల మీరే తిప్పుతరు."

నిజమే. తోక తనదే. ఆమె స్టిక్కర్లు పీకి మళ్ళీ రాసింది. ఈసారి కళ్ళార్పకుండా కూచుంది. ఆమె చూస్తుండగానే ఐదు తన కడుపు మెల్లగా లోపలికి లాక్కుని మూడయింది. ఎనిమిది ఎడమవైపు విప్పుకుని మూడయింది. ఒకటికి కొంచెం కష్టమయింది, అయినా అయింది.

మధ్యాహ్నానికి బల్ల సాగడం మొదలుపెట్టింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. మూడో కంట్రోలర్ దగ్గర నుంచి నాలుగోదానికి రెండడుగులు వేయాల్సి వచ్చింది. తర్వాత పది. మూడు గంటలప్పుడు, ఎనిమిదో పెట్టె వైరు ఊడిందేమో చూసి రమ్మని మల్లేశాన్ని పంపితే, ఆయన షెడ్డులోంచి సైకిలు తెచ్చుకున్నాడు. నలభై నిమిషాలకు తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఐదో దాని కాడ టీ కొట్టు వెట్టిండ్రు. చాయ్ బాగనే ఉంది" అన్నాడు.

"వైరు ఎట్లుంది?"

"వైరు మంచిగనే ఉన్నది. ఎనిమిదోది మాత్రం నేను మూడోదాన్ని అంటున్నది."

ఇందుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టెలు అమ్మినవాళ్ళకు ఫోను చేసింది. ఒక మగ గొంతు ఎత్తింది, చాలా మర్యాదగా.

"అన్నిటికీ ఒకటే నంబరు ఎందుకు వేసిండ్రండీ?"

"అన్నీ ఒకటే కదండీ మేడం. వేరే వేరే నంబర్లు వేస్తే వేరే వేరే వస్తువులు అనుకుంటారు. కంప్లైంట్లు వస్తాయి."

"ఇప్పుడు నేను చేసేదే కంప్లైంటు."

"రాసుకుంటున్నానండీ. కొత్తవి పంపమంటారా?"

"పంపండి."

"పంపుతాం. వాటికీ ఇదే నంబరు ఉంటుంది మరి, మళ్ళీ మాట పడను." కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "ఇందుమతి గారే కదా? ఇవాళ ఇది మీ ఎనిమిదో కాలండీ. ఇందాక చేసిన ఏడుగురూ సర్దుకుంటామన్నారు."

"నేను చేసుడు ఇదే మొదటిసారి" అంది ఆమె.

"మిగతావాళ్ళూ అదే అన్నారండీ" అని ఆయన ఫోను పెట్టేశాడు.

బుధవారం ఆమె అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయింది. ఒంటిగంటకు చెల్లెలు బిందుమతి మౌలాలి నుంచి డబ్బా పట్టుకుని వచ్చింది. ఇద్దరూ కవలలు. బిందుమతి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. ఇద్దరిదీ ఒకే ముఖం, ఒకే ఎత్తు, నవ్వితే కుడి చెంప మీదే సొట్ట. వాచ్‌మన్ గేటు దగ్గర ఆమెను ఆపి, చేతులు ఊపుతూ చెప్పాడట: మీరు పొద్దున లోపలికి పోయిండ్రు, బయటికి రాలే, మల్ల లోపలికి ఎట్ల వస్తరు? రిజిస్టరు ఒప్పుకోదని ముందు ఇందుమతి బయటికి వెళ్ళినట్టు రాసి, తర్వాత ఇందుమతి లోపలికి వచ్చినట్టు రాసి, గేటు తీశాడు.

బిందుమతి ఇదంతా చేతులతో చెప్పింది. ఆమెకు వినపడదు. ఇద్దరి మధ్యా చిన్నప్పుడు పుట్టిన చేతుల భాష ఒకటి ఉంది, అది ఇంకెవరికీ రాదు.

వాళ్ళకు పదకొండు నెలలప్పుడు ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. ఆసుపత్రిలో ఒకే మంచం మీద పడుకోబెట్టారు. నర్సు రోజూ రెండు సూదులు తెచ్చేది, ఒక్కొక్కరికీ ఒకటి. మోతాదు మించితే చెవులు పోయే మందు అది. మొదటి సూది వేసి, పత్తి పారేసి వచ్చేలోగా పిల్లలు దొర్లేవారు. పది రోజుల్లో ఎన్నిసార్లు రెండు సూదులూ ఒక్కరికే పడ్డాయో లెక్క లేదు. ఎవరికి పడ్డాయో కూడా అప్పుడు తెలియలేదు. ఏడాది పోయాక, ఒకరోజు అమ్మ గడపలో నిలబడి ఇద్దరినీ పిలిస్తే ఒక్కతే తిరిగింది. అప్పుడు తెలిసింది.

ఇందుమతి దీన్ని ఎవరికీ చెప్పుకోదు. కానీ ఇంట్లో ఉప్పు డబ్బాకూ చక్కెర డబ్బాకూ కూడా పేర్లు రాసి పెడుతుంది.

సొరకాయ కూర కలుపుకుంటూ, ఒక చేత్తోనే జరిగిందంతా చెల్లెలికి చెప్పింది. పిలిస్తే అన్నీ పలుకుతున్నాయని, పేరు రాస్తే పేరు చెరుపుకుంటున్నాయని, రేపు నాలుగింటికి వ్యాను వస్తుందని.

బిందుమతి నీళ్ళ సీసా అందించింది. ఎనిమిది పెట్టెల వైపు చూసింది. తర్వాత, 'వాటిని పేరు ఎందుకు అడుగుతున్నవ్?' అంది చేతులతో.

'మరేం అడగాలె?'

'బడిల సీతామాలక్ష్మి టీచరు మనల్ని ఎట్ల గుర్తుపట్టేది? కిటికీ పక్కన కూసుంటే నేను. తలుపు పక్కన కూసుంటే నువ్వు. పేరు ఎన్నడన్న అడిగిందా? వాటిని కూడ పేరు అడగకు. ఎక్కడ కూసున్నయో చూడు.'

ఇందుమతి నములుతున్నది ఆపింది. సొరకాయ ముక్క నోట్లోనే ఉండిపోయింది. కంప్యూటరుకు పెట్టె నంబరు తెలియకపోవచ్చు, కానీ పెట్టెను ఏ రంధ్రంలో గుచ్చారో తెలుస్తుంది. బల్లకు బిగించిన పట్టీలో ఎనిమిది రంధ్రాలున్నాయి. రంధ్రం దొర్లదు. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన తనకు రానందుకు ఆమెకు సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది.

'కానీ బల్ల సాగుతుంది' అంది.

బిందుమతి లేచి బల్ల వెంబడి నడవడం మొదలుపెట్టింది. ఆమె అటు చివరికి చేరేసరికి కుంకుమ బొట్టంత కనిపించింది. అక్కడ బల్ల మీదికెక్కి కాళ్ళు వేలాడేసుకుని కూచుని, సంచీలోంచి సగం కుట్టిన జాకెట్టు గుడ్డ తీసింది. మనిషి బరువు పడగానే బల్ల ఒకసారి మూలిగి, నత్త కొమ్ములు లోపలికి లాక్కున్నట్టు వెనక్కి వచ్చింది. ఐదు నిమిషాల్లో ఆమె మళ్ళీ దగ్గరగా, పన్నెండడుగుల దూరంలో, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉంది. టీ కొట్టువాడు స్టవ్వు చంకన పెట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

"అన్నీ ఊడబెరుకు మల్లేశన్నా" అంది ఇందుమతి. "ఒక్కొక్కటే పెడదాం. ఒకటి పలికినంక ఇంకోటి."

మల్లేశం ఎనిమిది వైర్లూ పీకాడు. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. మొదటి రంధ్రంలో మొదటి పెట్టెను గుచ్చి, ఇందుమతి అడిగింది: "ఒకటో చోట ఎవరు?"

జవాబు రాలేదు. చాలాసేపు రాలేదు. పెట్టె పక్కలకు చూసుకుంటున్నట్టుంది. తోడు పలికేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎవరని అడిగిన."

"నేనండీ" అంది అది. గొంతు బొంగురుగా, ఆమె అంతకు ముందెప్పుడూ విననిదిగా ఉంది. "ముప్పై ఏడండీ."

రెండో దాని గొంతు కీచుగా ఉంది. మూడోదానికి నత్తి. నాలుగోది ప్రతి మాటకూ ముందు దగ్గింది. గుంపులో కలిసిపోయిన గొంతులన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తుంటే మల్లేశం గోడకానుకుని, సొంత పిల్లల మార్కులు వింటున్నవాడిలా నిలబడ్డాడు. ఆరోది గుచ్చినప్పుడు అది చాలాసేపు తటపటాయించింది.

"ఇక్కడ ముప్పై తొమ్మిదండీ" అంది, దాదాపు ఏడుస్తూ. "సోమవారం నుంచీ చెప్తూనే ఉన్నానండీ. నేనే చెప్తున్నానని మీకు తెలియట్లేదు."

ఇందుమతి ఆ నీలిపెట్టెను అరచేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. అబద్ధమాడుతున్నది పెట్టె కాదు, దాని పక్కనున్న ఆరో కంట్రోలర్. ఆమె కాగితం మీద ఆరు అని రాసింది. ఆ ఆరు ఆరుగానే ఉండిపోయింది.

గురువారం మూడున్నరకు వ్యాను అరగంట ముందే వచ్చేసింది. ఇందుమతి ఆరోదాన్ని తప్పించిన కాగితం పట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళింది. చక్రధర్ బల్ల మీద ఇంకో కాగితం ఉంది. అందులో ఎనిమిది కంట్రోలర్లూ బాగున్నాయని ఉంది. అడుగున ఏడు సంతకాలు. ఏడూ ఇందుమతివే.

"నేను పెట్టలేదు సార్."

"మీరు పెట్టలేదండీ. వాళ్ళు పెట్టారు" అన్నాడు ఆయన, మీటింగు గది అద్దం వైపు చూపిస్తూ.

లోపల ఏడుగురు ఇందుమతులు కూచుని టీ తాగుతున్నారు. ఏడుగురూ ఆ రోజు ఆమె కట్టుకున్న ఆకుపచ్చ నేత చీరే కట్టుకున్నారు. ఏడు ఎడమ చెప్పులకూ, ఆమె చెప్పుకు ఉన్నట్టే, పిన్నీసు పెట్టి ఉంది.

"హాజరు మిషన్‌లో తొమ్మిదీ రెండుకు ఎనిమిదిసార్లు మీ వేలు పడింది" అన్నాడు చక్రధర్. "ఎనిమిది మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు. నేనేం చెయ్యను చెప్పండి?" తర్వాత గొంతు తగ్గించాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఆసుపత్రి నుంచి పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోనొచ్చిందమ్మా. కంట్రోలర్లు లేక అక్కడ ఎనిమిది ఇంక్యుబేటర్లు ఊరికే ఉన్నాయి, ఎనిమిది మంది పిల్లలున్నారు. ఏడు పంపిస్తే, ఆ ఎనిమిదో బిడ్డను దేంట్లో పెట్టమంటావ్? ఒళ్ళో పెట్టుకోమని చెప్పనా?"

అది ఆమె ఆలోచించలేదు. మూడు రోజుల్లో మొదటిసారి చక్రధర్ మీద కోపం ఎక్కడికో పోయి, దాని చోట ఇంకా బరువైనదేదో వచ్చి కూచుంది.

మీటింగు గదిలోకి వెళ్ళింది. ఏడుగురూ తలెత్తి చూశారు.

"ఎందుకు పెట్టిండ్రు?"

"అలిసిపోయినం" అన్నారు ఏడుగురూ, ఒకే గొంతుతో. "పని అయిపోవాలె. ఇంటికి పోవాలె. అన్నీ ఎప్పుడో ఒకసారి పాసయినయి గద."

ఇందుమతి వాళ్ళను తిట్టలేదు. ఆ అలసట తనకు తెలుసు. మంగళవారం మధ్యాహ్నం, బుధవారం పొద్దున, బస్సులో, అద్దం ముందు, తనూ ఏడుసార్లు ఆ సంతకం మనసులో పెట్టింది. అవే వచ్చి ఇక్కడ కూచున్నాయి.

"సరే. ఒక్కొక్కరే రాండ్రి" అంది.

ఆరో కంట్రోలర్ ముందు స్టూలు వేసింది. మొదటి ఇందుమతి వచ్చి కూచుంది. వెనక తలుపు మూసేసి మల్లేశం అడ్డంగా నిలబడ్డాడు. కంట్రోలర్ మీద ముప్పై ఏడు అని పచ్చగా వెలుగుతోంది.

"దాని పలక మీద చెయ్యి పెట్టు. పసిపిల్ల వీపుకు తగిలే వేడి అది. అరవై లెక్కపెట్టినంక, పాస్ అనిపిస్తే పెన్ను నీ చేతిలనే ఉంది."

ఆ ఇందుమతి చెయ్యి పెట్టింది. నలభై దాకా లెక్కపెట్టి ఆపేసింది. పక్కన ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. పెన్ను తీసుకుని తన సంతకం తనే అడ్డంగా కొట్టేసి, లేచి, ఇందుమతి భుజం మీదుగా ఆమె ఒంట్లోకి వచ్చేసింది. చన్నీళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు ఒక వణుకు. అంతే. కానీ కాళ్ళు కొంచెం బరువెక్కాయి.

రెండో ఆమె ఇరవైకే ఆపింది. మూడో ఆమె అరవై పూర్తిగా లెక్కపెట్టి, ఇంకో అరవై లెక్కపెట్టి, "కొంచెమే గద" అంది. మూడో ఆమె చెయ్యి తీసి, వేడెక్కిన అరచేతిని తన చెంపకు ఆనించుకుని చూసుకుంది. తర్వాత తనూ కొట్టేసింది. ఆరో ఆమె స్టూలు మీద కూచోకముందే పెన్ను అడిగింది. ఏడో ఆమె ఏడ్చింది.

అందరూ వచ్చేశాక ఇందుమతికి ఎనిమిది మంది అలసట ఒక్కదానికే ఉంది. కాగితం మీద ఏడు కొట్టివేతలు మిగిలాయి. వాటి కింద, ఏడు కంట్రోలర్లు బాగున్నాయి, ఆరోది పనికిరాదు అని రాసి, ఒక్క సంతకం పెట్టింది. ఆ సంతకం ఇదివరకటి దేనిలాగానూ లేదు.

"ఎనిమిదో బిడ్డ?" అన్నాడు చక్రధర్, తలుపు దగ్గర నుంచి.

"గంటన్నర ఆపుండ్రి సార్. వ్యాను పోనీయకుండ్రి." ఆమె మల్లేశం వైపు తిరిగింది. "అన్నా, ఇప్దామా?"

"లోపల ఇప్పొద్దు" అన్నాడు మల్లేశం. "దాంట్ల ఏమున్నదో ఏమో."

ఆరో కంట్రోలర్‌ను పాత గోనె పట్టాలో చుట్టి వెనక ఆవరణలోకి మోసుకెళ్ళారు. చక్రధర్ కూడా చొక్కా చేతులు మడిచి ఒక కొస పట్టుకున్నాడు. సిమెంటు నేల మీద పెట్టి మల్లేశం నాలుగు స్క్రూలు తిప్పాడు. మూత పైకి లేచింది.

లోపల తీగలూ పలకలూ అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. వాటి మధ్య, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, ఆ అదనపు రెండు డిగ్రీలూ పడుకుని ఉన్నాయి. అప్పుడే పుట్టిన దూడలా ఉంది అది. ఒళ్ళంతా తడి. రంగంటూ ఏమీ లేదు, దాని వెనకున్న గోడ వణుకుతూ కనిపించడం వల్లే అక్కడ దూడ ఉందని తెలుస్తోంది. వెలుతురు పడగానే చెవులు విదిల్చింది.

దూడ ముందు కాళ్ళు బయట పెట్టింది, జారింది, మళ్ళీ పెట్టింది. మల్లేశం చెయ్యి సాయం ఇవ్వబోయి, వేళ్ళు చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. నాలుగోసారి అది తనంతట తనే లేచి నిలబడింది.

ఇందుమతి దాన్ని చూస్తూ ఉండిపోలేదు. మూత బిగించి, కంట్రోలర్‌ను మళ్ళీ ఆరో చోట పెట్టి, నీలిపెట్టెను గుచ్చింది. గంటసేపు నడపాల్సిన పరీక్ష గంటసేపూ నడిపింది. చక్రధర్ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. కంట్రోలర్ ముప్పై ఏడు అంది. పెట్టె ముప్పై ఏడు అంది. ఆమె ఎర్రసిరాతో కాగితంలో ఒక గీత కొట్టి, పనికిరాదు అన్న మాటను దిద్ది, పక్కన మళ్ళీ సంతకం పెట్టింది. ఎనిమిదీ వ్యానెక్కాయి. డ్రైవరు పాన్ ఉమ్మేసి స్టార్టు చేశాడు.

దూడ అప్పటికి ఆవరణ దాటింది. అది నడిచిన చోట సిమెంటు మీద తడి ఎండిపోయి తెల్లటి గిట్టల ముద్రలు పడ్డాయి. గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని కాసేపు పరీక్షగా చూసి, రిజిస్టరు తెరవకుండానే గేటు తీశాడు. అది వ్యాను వెళ్ళినవైపు కాకుండా, రెండోవైపు తిరిగింది. పారిశ్రామికవాడ రోడ్డు మధ్యకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూచుని, తారును నాకడం మొదలుపెట్టింది.

అది నాకిన మేర ఆ రెండు డిగ్రీల వేడికి తారు పలచబడి, పొర ఊడి, అడుగున ఇంకో రోడ్డు బయటపడుతోంది. లేత గులాబీ రంగులో, ఇంతవరకూ ఎవరూ తొక్కనిది, నెలలు నిండని పసిగుడ్డులా మెల్లగా పైకీ కిందికీ కదులుతూ ఊపిరి పీలుస్తున్నది. రెండువైపులా లారీలు ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి, చెప్పులు విప్పి చేతపట్టుకుని, ఆ రోడ్డు కళ్ళు తెరిచేదాకా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.